దండెం తీగ నేర్పిన పాఠం
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగం)

 

బడి జ్ఞాపకాలు నాలుగు చెప్పమని కమిటీవారు నన్ను పిలిచారు. అవి నాకన్నా బాగా చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏళ్లుగా కరెంటు పని చేస్తున్న ఇంజనీరును. అందుకే పిల్లలకు, తల్లిదండ్రులకు పనికొచ్చే ఒక్క విషయం చెబుతాను.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పటి మాట. వానాకాలం సాయంత్రం. మా అమ్మ వాకిట్లో ఇనుప తీగ దండెం మీది బట్టలు తీస్తూ ఒక్కసారిగా బిగుసుకుపోయింది. నోట మాట లేదు. నేను పుస్తకాల సంచి పడేసి అమ్మ దిక్కు ఉరికిన. రెండడుగుల దూరంలో ఉండగా పక్కింటి పెద్దనాన్న "ముట్టకురా! ఆడనే ఆగు!" అని అరిచాడు. ఆ ఊపులోనే మా ఇంట్లోకి పోయి మీటరు కాడి ఫ్యూజు పీకేశాడు. అమ్మ కింద పడింది. బతికింది. అరచేతిలో మచ్చ మాత్రం చివరిదాకా ఉండిపోయింది. వాకిట్లో బల్బుకు వేసిన వైరు తొడుగు గాలికి రాసుకుపోయి దండేనికి తగిలిందని తర్వాత తెలిసింది.

ఆ పెద్దనాన్న సింగరేణి గని కార్మికుడు. పెద్దగా చదువుకోలేదు. అయినా ఏం చేయాలో ఆయనకు తెలుసు, బడికి పోయే నాకు తెలియదు. గనిలో పనికి పెట్టే ముందు కార్మికుడికి శిక్షణ ఇచ్చి తీరాలని 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనలు చెప్పాయి. మా ఇంట్లో నాకు దొరికిన శిక్షణ ఒక్కటే మాట: "ముట్టకు, షాక్ కొడతది."

ఆ మాట స్విచ్చు దగ్గర పనిచేస్తుంది. కన్నతల్లి తీగకు అంటుకొని ఉంటే పనిచేయదు. ఏ బిడ్డయినా ఉరికి పట్టుకుంటాడు. 2022 జులై 12న కామారెడ్డి బీడీ వర్కర్స్ కాలనీలో దండెం తీగకు వచ్చిన కరెంటుతో ఒకే ఇంటివాళ్లు నలుగురు చనిపోయారు. వాళ్లలో ఇద్దరు పిల్లలు.

"మా ఇంట్లో ఫ్యూజు ఉంది కదా" అంటారు. ఫ్యూజు తీగను కాపాడుతుంది, మనిషిని కాదు. పాత 60 వాట్ల బల్బు సుమారు 260 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. అంతకన్నా చాలా తక్కువ కరెంటు కూడా మనిషి ప్రాణం తీయగలదు. 5 ఆంపియర్ల ఫ్యూజుకు అది లెక్కలోకే రాదు. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకోసారి పెద్దల ముందు పిల్లలతో నొక్కించండి. కరెంటు పోవాలి. పోకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

కానీ స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే సర్వీసు తీగ నుంచే దండేనికి కరెంటు దిగితే, మెయిన్ ఆపినా, ఆర్‌సీసీబీ ఉన్నా లాభం లేదు. కాబట్టి మొదటి పని ఇనుప దండెం తీసేసి నైలాన్ తాడు కట్టడం. దానికయ్యే ఖర్చు ఒక పూట కూరగాయల కన్నా ఎక్కువ కాదు.

పిల్లలూ, మీకు మూడు మాటలు. ఎవరైనా కరెంటుకు అంటుకుంటే ఉన్నచోటే ఆగండి. గట్టిగా అరిచి పెద్దలను పిలవండి. మెయిన్ ఎక్కడుందో ముందే తెలుసుకొని ఆపండి. మెయిన్ ఆపినా మనిషిని చేత్తో ముట్టొద్దు. పొడి కర్రతో విడిపించడం పెద్దల పని. తర్వాత 108కి ఫోన్ చేయాలి. బయట తెగిపడ్డ తీగ కనిపిస్తే దగ్గరికి పోవద్దు, ఎవరినీ పోనీయొద్దు, 1912కు చెప్పించండి. మన దిక్కు చేన్లలో అడవి పందుల కోసం దొంగచాటుగా కరెంటు తీగలు పెడుతున్నారు. చీకటి పడ్డాక అడ్డదారిన చేన్లలో నడవకండి. మీ ఇంట్లోవాళ్లే అట్లాంటి తీగ పెడుతుంటే, వద్దని చెప్పే ధైర్యం మీకు ఉండాలి.

ఇవి విని మరిచిపోయే మాటలు. చేసి చూస్తేనే వంటబడతాయి. అందుకని మన సంఘానికి ఒక విన్నపం. ఏటా జూన్‌లో బడి తెరవగానే, వానలు పడకముందే, ఒక పూట ఈ సాధన చేయిద్దాం. ఒకరు తాడు పట్టుకొని బిగుసుకుపోయినట్టు నటించాలి, మిగతావాళ్లు ఆగాలి, అరవాలి, మెయిన్ దగ్గరికి పోవాలి. అమ్మ వేషం వేసిన పిల్ల దగ్గర కూడా ఆగడం రావాలి. కష్టమైన పాఠం అదే. వచ్చే జూన్‌లో ఆ పూటకు నేనే వస్తాను.

ఆ రోజు నన్ను ఆపడానికి ఒక పెద్దనాన్న ఉన్నాడు. ప్రతి వాకిట్లో ఆయన ఉండడు. ఇంటికి పోయాక అందరూ ఒక్కసారి మీ దండెం చూసుకోండి.