కలకత్తా లోటు, మదరాసు పన్ను
(సంఘ వార్షికోత్సవ సభలో చదివిన ప్రసంగపాఠము)



ఇంటి ఖర్చు రాబడిని మించినపుడు యజమాని చేయదగిన పనులు మూడు: ఖర్చు తగ్గించుట, సంపాదన పెంచుట, అప్పు చేయుట. ప్రభుత్వమునకును ఈ మూడే మార్గములు. కాని ప్రభుత్వము సంపాదన పెంచుకొనుట యనగా ఇంకొకరి యింటి ఖర్చు పెంచుటయే. ఎవరి యింటిది అను ప్రశ్న వెంటనే పుట్టును. ఈ ప్రశ్న 1860లో ఈ కలకత్తా నగరమున తీవ్రముగా చర్చకు వచ్చెను. ఎదురుపక్షము వహించినది, తెలుగు జిల్లాలు నాడు చేరియుండిన మదరాసు రాజధాని.

1857 సిపాయిల తిరుగుబాటును అణచుటకైన వ్యయముతో ఖజానా కుంగిపోయెను. మూడేండ్ల లోటు మూడు కోట్ల పౌనులు దాటెను. ఆనాటి మారకమున ముప్పది కోట్ల రూపాయలకు పైమాట. ఈ చిక్కు విప్పుటకై 1859 చివర జేమ్స్ విల్సను దొరను ఆర్థికసభ్యునిగా ఇంగ్లండునుండి పంపిరి. స్కాట్లండులో టోపీల తయారీతో జీవితమారంభించి, 1843లో ‘ఎకానమిస్టు’ పత్రికను స్థాపించినవాడు. లెక్కలలో దిట్ట. 1860 ఫిబ్రవరి 18న ఆయన శాసననిర్మాణసభ యెదుట ఆయవ్యయములను విప్పి చెప్పి, మూడు కొత్త పన్నులను ప్రతిపాదించెను: ఆదాయపు పన్ను, వృత్తులపై లైసెన్సు పన్ను, పొగాకు పన్ను. చివరి రెండును అమలులోనికి రాలేదు. గోదావరి లంకల పొగాకు రైతు ఆ విధముగా గండము గడచి బయటపడెను.

ఆదాయపు పన్ను మాత్రము నిలిచెను. ఏటికి 200 రూపాయలు మొదలు 500 లోపు ఆదాయముపై నూటికి రెండు, ఆపైన నూటికి నాలుగు. నెలకు 50 రూపాయల జీతముగల గుమాస్తా ఏటికి 24 రూపాయలు, ఇంచుమించు పదునైదు దినముల జీతము, చెల్లింపవలసి వచ్చెను. జీతగాని ఆదాయము దాచిన దాగదు. వర్తకుని లెక్క వర్తకునికే తెలియును. ఈ కష్టము నాటికిని నేటికిని ఒక్కటే.

విల్సను వాదములో న్యాయము లేకపోలేదు. రైతు శిస్తు కట్టుచున్నాడు, కూలివాడు ఉప్పు కొన్నపుడెల్ల పన్ను కట్టుచున్నాడు. ప్రభుత్వరక్షణవలన అధికముగా లాభపడు వర్తకులు, వకీళ్లు, పెద్దయుద్యోగులు మాత్రమేల తప్పించుకొనవలెను? ఈ దేశమునకిది కొత్తగాదని చూపుటకు ఆయన మనుధర్మశాస్త్రమును సైతము పేర్కొనెను. పశువులపైనను బంగారముపైనను ఏబదవ వంతు, అనగా నూటికి రెండు, రాజు గ్రహింపవచ్చునని మనువు చెప్పినది నిజమే. జలగ నెత్తురును, దూడ పాలను, తుమ్మెద తేనెను గ్రహించునట్లు కొంచెము కొంచెముగా తీసికొనవలెననియు ఆ అధ్యాయముననే కలదు. వంగదేశపు జమీందారులు 1793 నాటి శాశ్వత శిస్తు నిర్ణయమును చూపి తమకు మినహాయింపు కోరగా విల్సను ఒప్పుకొనలేదు. 1802 నుండి అట్టి నిర్ణయము క్రిందనే యుండిన ఉత్తర సర్కారుల జమీందారులకును ఈ సమాధానమే వర్తించెను.

అపుడు మదరాసు గవర్నరు సర్ చార్లెస్ ట్రెవెల్యను. మెకాలే చెల్లెలి భర్త. పోటీపరీక్షల ద్వారా ఉద్యోగనియామకము జరుగవలెనని 1854లో నివేదిక వ్రాసిన ఇద్దరిలో ఒకడు. పరీక్ష వ్రాసి కొలువు సంపాదించిన ఈ సభలోని వారందరును ఆ నివేదికకు కొంత ఋణపడియున్నారు. ఇంతకుపూర్వము లండను ఖజానా కార్యాలయమున విల్సనును ట్రెవెల్యనును ఒకే కప్పు క్రింద పనిచేసినవారు. ఒకరి లెక్కలు ఒకరికి తెలియును!

లోటును పన్నులతో గాక సైన్యవ్యయమును తగ్గించి పూడ్చవలెననియు, కొత్త పన్నులు జనులలో అసంతృప్తిని రేపుననియు ట్రెవెల్యను వాదము. మదరాసు సైన్యము తిరుగబడలేదని కూడ ఇచట గుర్తుంచుకొనవలెను. అయితే ఆయన తన అభ్యంతరపత్రమును కలకత్తాకు పంపి యూరకుండక పత్రికలలో ప్రకటింపించెను. కేంద్రప్రభుత్వ ప్రతిపాదనను ఒక గవర్నరు వీధికెక్కించుట క్రమశిక్షణకు విరుద్ధమని, ఇండియా మంత్రి చార్లెస్ వుడ్ ఆయనను వెనుకకు పిలిపించెను. మాట సబబైనదే, చెప్పిన తావు సరికాదు.

ఆదాయపు పన్ను చట్టము 1860 జూలై 24న వచ్చెను. పదునెనిమిది దినములకే, ఆగస్టు 11న, విల్సను కలకత్తాలో రక్తగ్రహణితో మరణించెను. మండువేసవిలోను నగరము విడువక పనిచేసిన ఫలమది. మల్లిక్ బజారు శ్మశానవాటికలోని ఆయన సమాధిని జనులు మరచిపోగా 2007లో ఆదాయపు పన్ను శాఖాధికారి యొకరు వెదకి కనుగొని బాగుచేయించిరి. ఇతర శాఖలవారు ఇంత కృతజ్ఞత చూపుదురో లేదో.

తరువాతి ఆర్థికసభ్యుడు శామ్యూల్ లెయింగ్ సైన్యవ్యయమును బాగుగా తగ్గించెను. అనగా ట్రెవెల్యను మాటయే నెగ్గెను. 1863లో ట్రెవెల్యనే ఆర్థికసభ్యుడై కలకత్తాకు తిరిగి వచ్చి, 1865లో ఆ పన్నును ముగియనిచ్చెను.

కథ ఇంతటితో ముగిసిన బాగుండెడిది. కాని అది పన్ను వదలుకొనదగిన సమయము కాదు. అమెరికా అంతర్యుద్ధము ముగియగానే 1865లో ప్రత్తి ధరలు పడిపోయెను. బొంబాయిలో వాటాల వ్యాపారము కూలెను. 1866లో లండనులో ఓవరెండ్ గర్నీ సంస్థ దివాలా తీయగా ఆ దెబ్బ ఇచటి బ్యాంకులకును తగిలెను. ఆ యేడే ఒరిస్సా కరవున పది లక్షలమంది మరణించిరి; ఆ కరవు మదరాసు రాజధానిలోని గంజాం జిల్లాను కూడ తాకెను. వరుసగా లోటు. 1867లో లైసెన్సు పన్ను, 1868లో సర్టిఫికెట్ పన్ను, 1869లో మరల ఆదాయపు పన్ను. పేరు మారుచుండెను, లోటు మారకుండెను. ఆ 1869లోనే లోటు మరింత బయటపడగా, వైస్రాయి మేయో ప్రభువు సంవత్సరము నడుమనే ఆ పన్నును హెచ్చించెను. మదరాసు, బొంబాయి రాజధానులలో ఉప్పు పన్నును గూడ పెంచెను. 1870లో ఆదాయపు పన్ను రూపాయికి అర్ధణా అయ్యెను. దీనిపై కలకత్తా వర్తకులు సభలు చేయగలిగిరి, పత్రికలలో వ్రాయగలిగిరి. నౌపడా ఉప్పు కొనుక్కొని గంజి త్రాగువాడు ఏ పత్రికలో వ్రాయగలడు?

1870 డిసెంబరు 14 నాటి తీర్మానముతో మేయో ఇంకొక పని చేసెను. జైళ్లు, పోలీసు, విద్య, వైద్యము, రోడ్లు మొదలగు శాఖలను రాష్ట్రములకు అప్పగించి, వాటితోపాటు కొంత మొత్తమును కేటాయించెను. అది వెనుకటి ఖర్చుకంటె తక్కువ. తక్కువైనది రాష్ట్రములే పూడ్చుకొనవలెను. మదరాసు ప్రభుత్వము 1871లో స్థానికనిధుల చట్టము చేసి, భూమిపై రూపాయికి ఒక అణా వరకు సెస్సు వేయు అధికారమును పొందెను. కలకత్తా లోటు ఈ దారిన గోదావరి, కృష్ణా రైతు వాకిటికి చేరెను.

బాధ్యతను క్రిందికి దింపి సొమ్ము తగ్గించి యిచ్చు ఈ పద్ధతికి ఆయుస్సు ఎక్కువ. 2017లో జి.ఎస్.టి. వచ్చినపుడు రాష్ట్రములు తమ పన్నులను పెక్కింటిని అందులో కలిపివేసి, బదులుగా అయిదేండ్ల పరిహారమునకు చట్టబద్ధమైన హామీ పొందినవి. 2020 మహమ్మారిలో వ్యాపారము స్తంభించి పరిహారనిధి చాలలేదు. అప్పు చేయక తప్పదని కేంద్రము తేల్చెను. ఎవరి పేర చేయవలెనన్నదే వివాదము. ఆంధ్రప్రదేశము ముందుగానే సమ్మతించెను. తెలంగాణమును పశ్చిమవంగమును కొంతకాలము ప్రతిఘటించి ఆ నవంబరులో సమ్మతించినవి. ఆ యేట కేంద్రము 1.1 లక్షల కోట్ల రూపాయలు అప్పు తెచ్చి రాష్ట్రములకిచ్చెను. అది తీర్చుటకై 2022 జూనుతో ముగియవలసిన పరిహార సెస్సును 2026 మార్చి వరకు పొడిగించిరి.

మేయో నాటి ఆదాయపు పన్నును 1873లో నార్త్‌బ్రూక్ ప్రభువు రద్దుచేసెను. మదరాసు భూమిపై సెస్సును, ఉప్పు పన్నును అపుడు ఎవరును రద్దుచేయలేదు.