మూర్ఛ తగ్గాక మెదడులో మిగిలేది

1987 చివర్లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి నుంచి వచ్చిన ఆల్చిప్పలు తిని వందమందికి పైగా జబ్బుపడ్డారు. వాంతులతో మొదలై కొందరికి మూర్ఛ, మతిమరుపు దాకా వెళ్లింది. కొందరు చనిపోయారు. సముద్రంలోని సూక్ష్మ శైవలాలు తయారుచేసే డొమోయిక్ ఆమ్లం ఆ ఆల్చిప్పల్లో చేరిందని తర్వాత తేలింది. బాధితుల్లో 84 ఏళ్ల పెద్దాయన ఒకరున్నారు. విషం ఎక్కిన రోజుల్లో ఆయనకు ఫిట్స్ విడవకుండా వచ్చాయి. మందులతో తగ్గాయి. ఆ తర్వాత నెలల తరబడి ఒక్కసారి కూడా రాలేదు. ఏడాది తిరిగేసరికి మళ్లీ మొదలయ్యాయి. అప్పటికి ఆయన ఒంట్లో విషం లేదు. చనిపోయాక మెదడు పరీక్షిస్తే రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో నాడీకణాలు భారీగా రాలిపోయి కనిపించాయి.

ఫిట్స్ లేని ఆ నెలల్లో లోపల ఏం జరుగుతూ ఉండి ఉంటుంది? ఈ ఉపన్యాసానికి ఎంచుకున్న విషయం ఇదే.

తెలుగు ఇళ్లలో ఫిట్స్ అంటే ఒక గండం. చేతిలో తాళాల గుత్తి పెడతారు, కాసేపటికి మనిషి లేచి కూర్చుంటే గండం గట్టెక్కిందనుకుంటారు. తాళాల వల్ల ఒరిగేదేమీ లేదు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. అయితే ఆగకుండా సాగిన మూర్ఛ, పదేపదే తిరగబెట్టే మూర్ఛ నాడీకణాల మధ్య అల్లికనే మార్చేయగలవు.

చెవుల పైభాగాన, మెదడు లోపలి మడతల్లో ఒక్కో వైపు ఒక్కో హిప్పోక్యాంపస్ ఉంటుంది. కొత్త జ్ఞాపకాలు నిలవాలంటే అది ఉండాల్సిందే. దాని ముంగిట డెంటేట్ గైరస్ అనే భాగంలో గ్రాన్యూల్ కణాలు బారులు తీరి ఉంటాయి. వాటి తీగలను మాసీ ఫైబర్లు అంటారు. ఆరోగ్యంగా ఉన్న మెదడులో ఈ తీగలు ముందుకే సాగి సీఏ3 అనే భాగంలోని కణాలను ఉత్తేజపరుస్తాయి. గ్రాన్యూల్ కణాలు ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకోవడం దాదాపు ఉండదు. అందుకే వెల్లువలా వచ్చే సంకేతాలు ఇక్కడ చాలావరకు వడకట్టుకుపోతాయి.

మూర్ఛ ఈ ఏర్పాటును తలకిందులు చేస్తుంది. గ్రాన్యూల్ కణాల పక్కనే ఉండే మాసీ కణాలు (మాసీ ఫైబర్లు వీటివి కావు) మూర్ఛ తాకిడికి ముందుగా చచ్చిపోయే రకం. అవి పోతే గ్రాన్యూల్ కణాల కొమ్మల మీద వాటి సినాప్సులు, అంటే సంకేతం అందించే అతుకులు, ఉన్న చోట్లు ఖాళీ అవుతాయి. ఆ ఖాళీల్లోకి గ్రాన్యూల్ కణాల తీగలే కొత్త చిగుళ్లు వేసి వెనక్కి తిరిగి వస్తాయి. కణాలు తమ వరసకే సంకేతం పంపుకోవడం మొదలవుతుంది. సభలో మైకు తన స్పీకరు శబ్దాన్నే మళ్లీ అందుకుని కీచుమన్నట్టు, చిన్న అలజడి తిరిగి తిరిగి పెద్దదయ్యే వీలు అక్కడ ఏర్పడుతుంది.

ఇది కంటికి కనిపించే మార్పే. మాసీ ఫైబర్ల చివర్లలో జింకు దండిగా ఉంటుంది. టిమ్ అద్దకం వేస్తే జింకు ఉన్నచోటల్లా నల్లబడుతుంది. మామూలు ఎలుక మెదడు ముక్కలో గ్రాన్యూల్ కణాల వరసకు పైనున్న పొర పాలిపోయి ఉంటుంది. మూర్ఛ ముదిరిన ఎలుకలో సరిగ్గా అక్కడే నల్లని పట్టీ తేలుతుంది. 1980లో నాడ్లర్, పెర్రీ, కాట్మన్ మూర్ఛ పుట్టించే కైనిక్ ఆమ్లం ఎక్కించిన ఎలుకల్లో ఈ చిగుళ్లను చూపించారు. 1988లో థామస్ సుటులా బృందం, రోజూ కాస్త కాస్త కరెంటు తాకించి మూర్ఛకు అలవాటు చేసిన ఎలుకల్లోనూ అదే చూసింది. మరుసటి ఏడాదికల్లా, మందులకు లొంగని రోగుల నుంచి శస్త్రచికిత్సలో తీసిన హిప్పోక్యాంపస్‌లలో కూడా ఆ నల్లపట్టీ దొరికింది. మనిషి మెదడులోనూ ఇదే జరుగుతోందనడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం ఉండదు.

అయితే మూర్ఛకు ఈ చిగుళ్లే కారణమా, లేక గాయం తాలూకు మచ్చా? స్టాన్‌ఫర్డ్‌లో పాల్ బక్‌మాస్టర్ బృందం రాపమైసిన్ అనే మందుతో ఎలుకల్లో చిగుళ్లను అణచింది. 2013లో వచ్చిన ఫలితం చాలామంది ఊహకు అందనిది: చిగుళ్లు ఆగాయి, ఫిట్స్ మాత్రం తగ్గలేదు. వేరే ప్రయోగశాలల్లో అదే మందుతో ఫిట్స్ కూడా తగ్గాయి. ఉత్తేజాన్ని అదుపుచేస్తూ, మూర్ఛలో రాలిపోయే నిరోధక కణాలు, దారితప్పి పుట్టే కొత్త గ్రాన్యూల్ కణాలు కూడా లెక్కలో ఉన్నాయి కాబట్టి, నేరమంతా ఒక్క తీగ మీదే మోపడం న్యాయం కాదు. అలాగని దాన్ని వదిలేయడమూ కుదరదు.

ఎందుకంటే కొత్త సినాప్సులు పాతవాటిలా పనిచేయవు. 2005లో మార్సేల్ పరిశోధకులు, ఎలుకల్లో ఈ చిగుళ్లు కట్టిన సినాప్సుల్లో, కైనిక్ ఆమ్లానికి స్పందించే కైనేట్ గ్రాహకాలు ఉన్నాయని చూపించారు. మామూలు గ్రాన్యూల్ కణాల సినాప్సుల్లో అవి పనిచేస్తూ కనబడవు. ఈ గ్రాహకాల గుండా వచ్చే విద్యుత్తు నెమ్మదిగా చల్లారుతుంది. ఒక సంకేతం ఆరకముందే ఇంకోటి వచ్చి కలుస్తుంది. కెనడా ఆల్చిప్పల్లోని విషం మెదడులో వెళ్లి తట్టేది కూడా ఈ కుటుంబపు గ్రాహకాలనే. ఆ గ్రాహకాల ఉత్పత్తిని తగ్గించే జన్యు చికిత్సను, మందులకు లొంగని మూర్ఛ ఉన్నవాళ్ల హిప్పోక్యాంపస్‌లోకే నేరుగా ఎక్కించే తొలి పరీక్ష 2024లో అమెరికాలో మొదలైంది.