పియానో మెట్లపై జనగణమన



పదిమంది నోట నున్న పాట నొకదానిని పియానోపై నేర్చుకొనుట యెట్లు, అందువలన ఊరికి గలుగు మేలేమి యను సంగతిని నేడు మనవి చేయుదును. మన దేశమున జనగణమన యెఱుగనివా రరుదు. దానికిని మన సీమకును సంబంధము గలదు గనుక ఆ కథను ముందు చెప్పెదను.

రవీంద్రనాథ ఠాకూరు రచించిన యీ పాటను 1911 డిసెంబరు 27వ తేదీన కలకత్తా కాంగ్రెసు మహాసభలో మొదటిసారి పాడిరి. 1919లో కవిగారు నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెకు వచ్చి, బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలలో కొన్ని దినములు విడిసిరి. ఐర్లండు దేశీయుడైన జేమ్సు కజిన్సు ఆ కళాశాలకు అధ్యక్షుడు. ఆయన భార్య మార్గరెట్టు డబ్లినులో సంగీతవిద్య నభ్యసించిన విదుషి. పియానో వాద్యమున నేర్పరి. ఒక సాయంకాలము విద్యార్థుల పాటల కూటమున కవిగారు ఈ గీతమును పాడి వినిపింపగా విన్నవారెల్లరు ముగ్ధులైరి. పిమ్మట ఆమె కవిగారిని సంప్రదించి ఆ వరుసను ఐరోపా పద్ధతిని స్వరపఱచి కాగితముపై నిలిపెను. ఫిబ్రవరి 28వ తేదీన కవిగారు దాని కాంగ్లానువాదమును అచ్చటనే వ్రాసి యిచ్చిరి.

వరుస మదనపల్లెలోనే పుట్టినదని కొందఱు చెప్పుకొందురు. అది సరికాదు. పాటయు వరుసయు కవిగారివే; మన సీమలో జరిగినది వ్రాత. అది చిన్న పని యని తలపరాదు. నోటి పాట వాడవాడకు మాఱును. వ్రాసిన స్వరము నెవరైనను, ఎచ్చటనైనను సరిచూచుకొనవచ్చును. 1950 జనవరి 24వ తేదీన ఈ పాటలోని మొదటి చరణము మనకు జాతీయ గీతమైనది.

ఇక వాద్యము మాట. పియానోకు సాధారణముగా 88 మెట్లుండును. తెల్లవి 52, నల్లవి 36. పండ్రెండు మెట్ల కొక స్థాయి. ఇవి మన పండ్రెండు స్వరస్థానములకు సరిపోవును. పియానో లేనివారికి హార్మోనియము చాలును; మెట్ల యమరిక ఒక్కటే.

నేను సాధన చేసిన క్రమ మిది. మొదట మెట్లను ముట్టక, చేత తాళము వేయుచు పాటను నోట పాడవలెను. నోట నిలువనిది వ్రేళ్ల నిలువదు. పిమ్మట రెండు నల్లమెట్ల జంటకు ఎడమ ప్రక్కనున్న తెల్లమెట్టును షడ్జమముగా గైకొని, కుడిచేతి బొటనవ్రేలు దానిపై నుంచవలెను. పాట స, రి, గ యని యెక్కి గాంధారమునందు నిలిచి, ఆ యొక్క స్వరముననే అనేకాక్షరములు పలుకును. ఇచ్చటనే అభ్యాసము కావలెను. పియానోలో చిన్న సుత్తి తంతిని కొట్టును. నాదము పుట్టినది మొదలు తగ్గుచునే యుండును. కావున అక్షరాక్షరమునకు మెట్టును మరల నొక్కవలెను. హార్మోనియములో తిత్తిగాలి యున్నంతవఱకు నాదము నిలుచును. కనుక అక్షరమునకు అక్షరమునకు నడుమ వ్రేలెత్తవలెను. దినమున కొక పాదము చాలును. మెల్లగా తప్పులేక వచ్చిన పిదపనే వేగము పెంచవలెను. మొత్తము గీతము 52 సెకండ్లలో ముగియవలెనని నియమము. చివర స, స, రి, రి, గ, గ, రి, గ, మ యని మధ్యమమున నాగును. షడ్జమమునకు దిగవలెనని వ్రేలు కోరును, దిగరాదు.

మెట్ల వాద్యమున గమకములు పలుకవని పెద్దలాక్షేపింతురు. నిజమే. ఠాకూరుగారికిని హార్మోనియము గిట్టదు. 1940లో రేడియోవారు దానిని బహిష్కరించి, మూడు దశాబ్దములు దగ్గఱకు రానీయలేదు. అయినను ఈ పాట గమకముల పాట కాదు, జనసమూహము కూడి పాడు పాట. పదిమందిని ఒక శ్రుతిలో నిలుపుటకు మెట్ల వాద్యము మిక్కిలి యనుకూలము.

ఇప్పుడు అనేక గ్రామములలో జెండా పండుగనాడు యంత్రము పాడుచున్నది, జనులు నోరు మూసికొని నిలుచుచున్నారు. విద్యుచ్ఛక్తి పోయిననాడు పాటయు పోవును. మన పిల్లలకు పదములు వచ్చును గాని, ఒకడు పరుగెత్తును, ఒకడు వెనుకబడును. ఊరి కొక్కరు, బాలుడో బాలికయో, స్వరముతో తాళముతో దీనిని నేర్చినచో తక్కినవారు వారి ననుసరింతురు. భజన మందిరములో మూలబడిన హార్మోనియమును దులిపి ఆ బిడ్డ ముందుంచుట మనవంటి పెద్దల పని. పరదేశపు విదుషి మన సీమలో కూర్చుండి శ్రద్ధతో వ్రాసిన పాటను మన బిడ్డలు సరిగా పాడుట మనకు భారము కారాదు.