పోల్చుకున్న ముఖం, పొరబడ్డ జ్ఞాపకం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

మాట్లాడమని పిలిచినప్పుడు కార్యదర్శి గారు, "మీ సబ్జెక్టు గురించే చెప్పండి, కానీ అందరికీ అర్థమయ్యేట్టు చెప్పండి" అన్నారు. నా సబ్జెక్టు మనస్తత్వశాస్త్రం. ముప్పై ఏళ్లు కాలేజీలో పాఠం చెప్పాను. ఈ రోజు మన జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో చెబుతాను. దాంతోపాటు, ఈ బడిలో నేను చేసిన ఒక తప్పు కూడా చెప్పుకోవాలి.

మన బడి మొదలైన 1975లోనే అమెరికాలో బారిక్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. హైస్కూలు చదువు పూర్తిచేసిన 392 మందికి వాళ్ల పాత స్కూలు పుస్తకాల్లోని ఫోటోలు చూపించారు. పరాయివాళ్ల ఫోటోల మధ్య క్లాస్‌మేట్ ఫోటో ఒకటి పెట్టి, మీవాళ్లెవరో చెప్పమన్నారు. బడి వదిలి దాదాపు 35 ఏళ్లయినవాళ్లు కూడా నూటికి 90 వంతులు సరిగ్గా పోల్చారు. కానీ అదే ఫోటో చూపించి పేరు చెప్పమంటే చాలామంది నీళ్లు నమిలారు.

పొద్దున్నించీ ఇక్కడ మనం చేస్తున్నదీ అదే కదా! "ఒరే, నువ్వా!" అని కావలించుకుంటున్నాం, ఆ తరవాత పేరు గుర్తురాక భార్యకి పరిచయం చెయ్యకుండా దాటేస్తున్నాం. నవ్వకండి, నేనూ రెండుసార్లు దాటేశాను. ఇది మర్యాద తెలియకపోవడమూ కాదు, వయసు తెచ్చిన జబ్బూ కాదు. మెదడు కట్టుబడే అంత.

ముఖాలు చూడటానికి మన మెదడులో ప్రత్యేకమైన ఏర్పాటు ఉంది. మెదడు అడుగు భాగంలో, ఎక్కువగా కుడి వైపున, చిన్న ప్రాంతం ఒకటి మిగతా వస్తువుల కన్నా ముఖాలకి చాలా గట్టిగా స్పందిస్తుందని 1997లో నాన్సీ కాన్విషర్ బృందం స్కానింగ్ ద్వారా చూపించింది. మనం కన్ను వేరు, ముక్కు వేరు అని చూడం. వాటి మధ్య దూరాలు, అమరిక అంతా కలిపి ఒక్కసారే చూస్తాం. ఇంటికెళ్లాక మీ పాత గ్రూపు ఫోటోని తలకిందులుగా పెట్టి చూడండి. బడి భవనాన్ని సులువుగానే గుర్తుపడతారు, పక్క బెంచీ మిత్రుణ్ణి పోల్చడానికి మాత్రం తడుముకుంటారు. అమరిక తిరగబడితే ముఖాలు చూసే నేర్పు దెబ్బతింటుంది. పేరు సంగతి వేరు. ముఖంలో అప్పారావు అనే పేరుకి ఆధారం ఏమీ ఉండదు. దాన్ని విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

కొంతమందికి మెదడుకి దెబ్బ తగలడం వల్ల, కొంతమందికి పుట్టుకతోనే ముఖాలు పోల్చే శక్తి ఉండదు. చూపు బాగానే ఉంటుంది, తెలివి బాగానే ఉంటుంది. ముఖం చూసినంత మాత్రాన మనిషిని పోల్చలేరు. కాబట్టి ఈ రోజు ఎవరైనా మిమ్మల్ని పలకరించకుండా వెళ్లిపోతే పొగరు అనుకోకండి. మీరే ముందు పేరు చెప్పి పలకరించండి.

ఇక్కడున్న గురువులకి సంతోషం కలిగించే విషయం ఒకటి చెబుతాను. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్లు తెలుగు చదవగలిగేవాళ్లతో, మలయాళం చదవగలిగేవాళ్లతో ఒక పరిశోధన చేసి 2019లో ప్రచురించారు. విడి అక్షరం కంటికి కనబడే తీరు చదువు వల్ల పెద్దగా మారలేదట. అక్షరాలు పక్కపక్కన చేరినప్పుడే తేడా వచ్చింది. చదవడం వచ్చినవాళ్ల కంటికి పక్కపక్కన ఉన్నా ఏ అక్షరానికి ఆ అక్షరం స్పష్టంగా విడిపోతుంది, అందుకే మాటని చకచకా పట్టుకోగలుగుతారు. అంటే పలక మీద బలపంతో మీరు దిద్దించింది మా చేతి వేళ్లని మాత్రమే కాదు. మా చూపునే దిద్దారు.

ఇక చోట్లు. 1971 జనవరిలో ఇందిరాగాంధీ గారు మన ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. అదే ఏడాది లండన్‌లో జాన్ ఓకీఫ్ అనే శాస్త్రవేత్త ఎలుక మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగంలో ఒక వింత గమనించి ప్రచురించాడు. ఎలుక ఫలానా చోటికి వెళ్లినప్పుడు ఫలానా కణమే స్పందిస్తోంది. మెదడు లోపల ఒక పటం ఉందన్నమాట. దానికి 2014లో ఆయనకి నోబెల్ బహుమతిలో సగం వచ్చింది.

ఈ మాట ఈ ఊళ్లో చెప్పడానికి కారణం ఉంది. మన సభలో కూర్చున్నవాళ్లలో ఎంతోమంది ఊళ్లు ఫ్యాక్టరీ ఆవరణలో కలిసిపోయాయి. వడ్లపూడి, అగనంపూడి నిర్వాసిత కాలనీల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఉన్నారు. కళ్లు మూసుకోమంటే రామాలయం నుంచి నూతి గట్టు దాకా, అక్కడి నుంచి తాటితోపు దాకా ఒక్క మలుపు తప్పకుండా చెబుతారు. నేల మీద ఆ దారి లేదు. వాళ్ల తలలో ఉంది.

అలాంటి ఒక మిత్రుడు పోయిన ఏడాది కూర్మన్నపాలెం జంక్షన్‌లో, స్టీల్‌ప్లాంట్ ఆర్చి దగ్గర నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఏటిరా, నన్ను పోల్చనేదా?" అన్నాడు. తెల్లజుట్టు, కళ్లద్దాలు. అయినా క్షణంలో పోల్చాను. పేరు రాలేదు. పేరు కన్నా ముందు కడుపులో భయం వచ్చింది.

1979, ఎనిమిదో తరగతి. సింహాచలం విహారయాత్రకని వసూలు చేసిన 40 రూపాయలు మాస్టారి బల్ల సొరుగులో కనబడలేదు. ఇంటర్వెల్‌లో గదిలో ఎవరో ఉండగా నేను గుమ్మం దగ్గర నుంచి చూశానని చెప్పాను. కిటికీ వెలుగు ఎదురుగా ఉంది, ముఖం సరిగా కనబడలేదు. అప్పుడొక ప్రశ్న వచ్చింది: "సొరుగు దగ్గర నిలబడ్డది వీడే కదా?" నేను "అవునండి" అన్నాను. అన్న మరుక్షణం నుంచి నాకు వాడే కనబడ్డాడు. చొక్కా, జుట్టు, సొరుగు మీద చెయ్యి, అన్నీ.

వాడికి బెత్తం దెబ్బలు పడ్డాయి. మూడో రోజున డబ్బు పాత హాజరు పట్టీ అట్టలో దొరికింది. అప్పటికే వాడు బడి మానేశాడు. ఆ నెలలోనే వాళ్ల ఊరు ఖాళీ అయింది. ఎక్కడికి వెళ్లారో నేను కనుక్కోలేదు.

నేను అబద్ధం చెప్పలేదు. నమ్మే చెప్పాను. అదే ఇంకా ప్రమాదం. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అనే ఇద్దరు కారు ప్రమాదం ఫిల్మ్ చూపించి, కొందరిని "కార్లు తగిలినప్పుడు వేగం ఎంత?" అని, కొందరిని "కార్లు గుద్దుకుని నుజ్జయినప్పుడు వేగం ఎంత?" అని అడిగారు. వారం తరవాత "పగిలిన గాజు చూశారా?" అని ఇద్దరినీ అడిగారు. మొదటి రకం ప్రశ్న విన్నవాళ్లలో నూటికి 14 మంది, రెండో రకం విన్నవాళ్లలో నూటికి 32 మంది చూశామన్నారు. ఫిల్మ్‌లో పగిలిన గాజే లేదు. అడిగిన మాటే జ్ఞాపకంలోకి దూరి చిత్రమై కూర్చుంది. జ్ఞాపకం పెట్టెలో దాచిన ఫోటో కాదు. తీసిన ప్రతిసారీ మెదడు దాన్ని కొత్తగా అల్లుతుంది. మధ్యలో విన్నదీ ఊహించినదీ కూడా అందులో కలిపేస్తుంది. ఎంత స్పష్టంగా కనబడుతోందో, ఎంత ధీమాగా ఉన్నామో, అవి నిజానికి రుజువులు కావు.

ఆర్చి దగ్గర టీ తాగుతూ వాడికి క్షమాపణ చెప్పాను. వాడు అన్నాడు: "ఆ రోజు నువ్వు గుమ్మం కాడ నేవురా. నీళ్ల కుండ కాడ ఉన్నావు. నీ వెనకాల నేనే ఉన్నాను." కాసేపాగి ఇంకో మాట అన్నాడు. "డబ్బు దొరికిందని మా నాన్నకి ఎవరూ చెప్పనేదు. నేను చెప్తే పోయేవరకూ నమ్మలేదు."

గుమ్మం దగ్గర ఉన్నానా, కుండ దగ్గర ఉన్నానా, ఇప్పుడు తేల్చడానికి సాక్ష్యం లేదు. వాడి జ్ఞాపకమూ జ్ఞాపకమే. కానీ వాడు తియ్యలేదన్నది మాత్రం నిజం. అది నాకు 46 ఏళ్లుగా తెలుసు. తెలిసినా, ఇప్పటికీ కళ్లు మూసుకుంటే సొరుగు దగ్గర వాడే కనబడతాడు. తప్పని తెలిసినంత మాత్రాన చిత్రం చెరిగిపోదు. దాన్ని నమ్మకుండా ఉండటమే మన చేతిలో ఉంది.

ఆయన ఈ సభలోనే ఉన్నారు. ఆయన అనుమతితోనే చెప్పాను. పేరు చెప్పవద్దన్నారు, చెప్పను. ఆ రోజు ఆయన తీయలేదని, నేను పొరబడ్డానని మీ అందరి ముందు చెప్పడానికే ఈ రోజు నిలబడ్డాను. ఆయన తండ్రిగారికి వినబడేట్టు చెప్పే అవకాశం నాకిక లేదు.

గురువులకు ఒక విన్నపం. పిల్లల్ని "వాడే కదా?" అని అడక్కండి. "ఏం చూశావు?" అని అడగండి. మిత్రులకు ఒక విన్నపం. ఈ సావనీరులో జ్ఞాపకాలు రాసేటప్పుడు, ఎవరి గురించి రాస్తున్నారో వాళ్లకి ఒకసారి చదివి వినిపించండి. ఒక్కడి జ్ఞాపకంలో తప్పిపోయింది నలుగురు కూర్చుంటే దొరకవచ్చు. ఇలా ఏళ్లకోసారి కలవడం వల్ల కలిగే అసలు మేలు అదే.

భోజనాల దగ్గర నా పేరు మరిచిపోయినవాళ్లు మొహమాటపడకండి. నేనే చెబుతాను.