సలహాలు సరే, సంచీ పట్టుకునేదెవరు?

(తల్లుల సమస్యలపై జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



పొద్దుటి నుంచీ ప్రసూతి సెలవుల గురించీ, అంగన్‌వాడీల గురించీ మంచి చర్చ జరిగింది. నాకిచ్చిన విషయం వాటి పక్కన చాలా చిన్నదిగా కనబడుతుంది. ముక్కూమొహం తెలియనివాళ్లు పిల్లల తల్లులకు అడక్కుండా చెప్పే సలహాల గురించి మాట్లాడమన్నారు. "అదీ ఒక సమస్యేనా?" అని వెనక కూర్చున్న అక్క ఒకరు నవ్వారు. నేనూ మొదట నవ్వాను.

కిందటి నెల సూర్యాపేట నుంచి హైదరాబాదు వస్తున్నాను. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, బస్సు నిండుగా ఉంది. నకిరేకల్‌లో ఒకమ్మాయి ఎక్కింది. చంకలో ఆరేడు నెలల పాప, భుజానికి సంచీ, చేతిలో ఆస్పత్రి కాయితాల కవరు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. ఇక మొదలైంది.

"పాలియ్యరాదా బిడ్డా, ఆకలైతుందేమో."

"ఇంత ఎండల పసిపిల్లను ఎవరన్న బయటికి తెస్తరా?"

"దిష్టిచుక్క కూడ పెట్టలే, సూడు."

వెనక సీట్లోంచి ఒకాయన: "ఫ్రీ బస్సాయె, పిల్లల్నేసుకుని తిరుగుడే తిరుగుడు."

ఆ అమ్మాయి ఎవరికీ జవాబు చెప్పలేదు. ఒక చేత్తో పైన రాడ్డు పట్టుకుని, మరో చేత్తో పాపను అదుముకుని నిలబడింది. నేను లెక్కపెట్టాను. చౌటుప్పల్ వచ్చేలోపు పదకొండు సలహాలు. లేచి సీటిచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. నేను కూడా సీట్లో కూర్చునే లెక్కపెడుతున్నానన్న సంగతి చౌటుప్పల్ దాటాక గాని నాకు తట్టలేదు. అప్పుడు లేచి, ఆమెను కూర్చోబెట్టి, సంచీ తీసుకున్నాను. పాపకు చెవిలోంచి చీము కారుతోందట. మూడు రాత్రులుగా తల్లీబిడ్డలకు నిద్ర లేదట. ఎండలో ఎందుకు తెచ్చావన్న ప్రశ్నకు ఆమె దగ్గర జవాబుంది. వినే ఉద్దేశంతో అడిగినవాళ్లే లేరు.

అదే పాపను తండ్రి ఎత్తుకుని ఎక్కి ఉంటే? మీ అందరూ చూసే ఉంటారు. "పాపం, ఎంత ఓపికయ్యా నీకు" అంటారు. జరిగి చోటిస్తారు. బిడ్డ ఏడుపు ఆపలేకపోతే అతని మీద జాలి పడతారు, "తల్లేదీ?" అని అడుగుతారు. అక్కడ లేని తల్లికి కూడా ఒక మాట తగులుతుందన్న మాట. పిల్లల పెంపకం ఆమె ఒక్కదాని పని, ఆ పని ఎలా చేస్తున్నదో తనిఖీ చేసే అధికారం మాత్రం ఊరందరిదీ.

ఇంత బాధ్యత తల్లి నెత్తిన పెట్టిన సమాజం హక్కు దగ్గరికొచ్చేసరికి ఏం చేసిందో చూడండి. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి అనీ, అతని "తర్వాత" తల్లి అనీ రాసింది. ఆ "తర్వాత" అంటే తండ్రి చనిపోయాకనే అని అర్థం కాదు, అతను పట్టించుకోని పరిస్థితి కూడా అందులోకి వస్తుందని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అందరికన్నా పెద్ద అపరిచితుడు ప్రభుత్వమేనని నాకప్పుడప్పుడూ అనిపిస్తుంది. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులన్నారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ నిబంధన తీసేశారు, ఇంకా కనమని నాయకులు సలహా కూడా ఇచ్చారు. కనాల్సినవాళ్లను అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు.

అన్ని మాటలూ ఒక రకం కావు. "స్వెటర్ వేయమ్మా" అన్న ముసలమ్మ మాటలో ప్రేమ ఉండొచ్చు, దాన్ని నవ్వి వదిలేయొచ్చు. "ఇద్దరూ ఆడపిల్లలేనా? ఇంకొకసారి చూడకపోయారా" అన్న మాట అలాంటిది కాదు. అది పక్కన నిలబడ్డ ఎనిమిదేళ్ల పిల్ల కూడా వింటుంది. మాటలు రాని పిల్లవాణ్ణి చూపించి "గ్రహణం నాడు ఏం చేశావమ్మా?" అని అడిగితే, ఆ తల్లి మళ్లీ ఆ పిల్లవాణ్ణి పెళ్లికీ పేరంటానికీ తీసుకురాదు. ఇల్లు దాటని పిల్లవాడికి బడి ఎక్కడిది, వైద్యం ఎక్కడిది? ఒంటరి తల్లిని "నాన్నేడీ?" అని బిడ్డ ముందే అడగడం కూడా ఇంతే. నవ్విన అక్కకు నా జవాబు ఇది.

ఇప్పుడు మన సంగతి. చాలా ఏళ్ల కిందట ఒక ఊళ్లో నేను ఆరోగ్య శిక్షణ శిబిరం పెట్టాను. నాలుగు నెలల బిడ్డకు సీసాతో బర్రెపాలు పట్టిస్తున్న తల్లి కనబడింది. నలుగురిలో నిలబెట్టి, "ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టకూడదని తెలియదా?" అని గదిమాను. ఆడవాళ్లంతా నవ్వారు. ఆమె నెమ్మదిగా, "రేపు నా బదులు నాటుకు మీరు పోతరా అమ్మా?" అంది. పొద్దున ఆరింటికి పోయి మాపటికి వచ్చే మనిషి. బిడ్డను చూసేది పదేళ్ల పెద్దపిల్ల. ఉద్యోగం చేసే స్త్రీకి 2017 సవరణతో 26 వారాల వేతన సెలవు వచ్చింది. కూలికి పోయే తల్లికి అలాంటి సెలవు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నేను చెప్పిన విషయం తప్పు కాదు. ఆమెను నలుగురిలో దోషిని చేయడం తప్పు. ఆ తర్వాత ఆమె మన మీటింగులకు రాలేదు. ఆమెకు నేను ఆ బస్సులో ఆయన లాంటిదాన్నే.

ఇక్కడొక చిక్కు ప్రశ్న ఉంది, దాన్ని దాటేయకూడదు. "అది మా ఇంటి విషయం" అన్న మాట మీదే కదా మనం ఇన్నేళ్లు పోరాడాం. పక్కింట్లో దెబ్బలు వినబడితే తలుపు తట్టమన్నాం. 2005 గృహహింస చట్టం నాలుగో సెక్షన్ ఎవరైనా సరే రక్షణాధికారికి సమాచారం ఇవ్వొచ్చంది. మరి ఇప్పుడు "మీకెందుకు" అని ఎలా అంటాం? నా సమాధానం: ఎదురుగా ఉన్నది ప్రమాదమా, మనకు నచ్చకపోవడమా అని చూసుకోవాలి. బిడ్డను బెల్టుతో కొడుతుంటే అడ్డం వెళ్లండి, 1098కి ఫోన్ చేయండి. బిడ్డకు టోపీ లేదు, చేతిలో ఫోన్ ఉంది, ఒళ్లో జారుతోంది, ఏడుస్తోంది అంటే నోరు మూసుకోండి, లేదా చేయి అందించండి. మధ్యలో కొన్ని సందర్భాలుంటాయి, తల్లే విసిగిపోయి బిడ్డ వీపు మీద రెండు దెబ్బలు వేస్తుంటుంది. అప్పుడు నేనైతే తిట్టను. "ఇటివ్వమ్మా, కాసేపు ఎత్తుకుంటా" అంటాను. చాలాసార్లు ఆ చేయి అక్కడే ఆగిపోయింది.

సలహాలు పడే తల్లులు ఏం చేయాలని అడిగారు. సంజాయిషీ చెప్పకండి. ఒక కారణం చెబితే దానికి ఇంకో సలహా పుడుతుంది. "సరేనమ్మా" అని బిడ్డ వైపు తిరగడం ఓటమి కాదు. ఓపికుంటే పని చెప్పండి: "ఈ సంచీ కాస్త పట్టుకోండి." సగంమంది అక్కడే మాయమవుతారు, మిగతా సగంమంది నిజంగానే పట్టుకుంటారు, వాళ్లు మంచివాళ్లు. ఆడపిల్లనో, వైకల్యాన్నో, రంగునో అంటే మాత్రం ఊరుకోవద్దు, అది బిడ్డ వినాల్సిన జవాబు. "మాకు ఈ పిల్లే కావాలి" అని గట్టిగా, బిడ్డకు వినబడేలా అనండి. అన్నవాళ్లు మారతారో లేదో తర్వాత సంగతి.

ఒక్కటి చెప్పి ముగిస్తాను. పొద్దున పసివాడొకడు ఏడిస్తే "కాస్త బయటికి తీసుకెళ్లమ్మా" అన్నది మన వాళ్లే. ఇద్దరు తల్లులు అప్పటి నుంచీ వరండాలో నిలబడి కిటికీలోంచి వింటున్నారు. భోజనాలకు లేచే ముందు ఆ ముందు వరుసలో రెండు కుర్చీలు ఖాళీ చేద్దాం. పిల్లలు ఏడిస్తే నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను.