లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే రోజే హెల్త్ కార్డు కూడా చూసుకోండి

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా జిల్లా సమాచార అధికారి చేసిన ప్రసంగ పాఠం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పెన్షనర్లు, ఫ్యామిలీ పెన్షనర్ల కోసం)



1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. అప్పటికి మీలో చాలామంది సర్వీసులో ఉన్నారు. నేనింకా పుట్టలేదు. కాబట్టి ఆ చరిత్ర మీకు నేను చెప్పక్కర్లేదు. మా ఇంట్లో జరిగిన ఒక పొరపాటు గురించి చెప్తాను.

మా పెద్దనాన్న హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన పోయాక పెద్దమ్మకు ఫ్యామిలీ పెన్షన్ మంజూరైంది. హెల్త్ కార్డు గురించి ఎవరం ఆలోచించలేదు. కొన్నాళ్లకు ఆవిడ బాత్‌రూమ్‌లో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రికి తీసుకెళ్లి పెద్దనాన్న పేరు మీదున్న పాత కార్డు చూపించాం. "అమ్మగారి పేరు మీద ఫ్యామిలీ పెన్షనర్ కార్డు తీసుకోవాలి కదండీ" అన్నారు. వాళ్ల తప్పేం లేదు, మార్చుకోనిది మేమే. ఆపరేషన్ ఆగదు కాబట్టి పెద్దమ్మ ఫిక్స్‌డ్ డిపాజిట్ విడగొట్టి డబ్బు కట్టాం. పెద్దనాన్న ఆవిడ కోసమనే దాచిన డబ్బది.

ఇలా ఎందుకు జరుగుతుంది? ప్రైవేటు బీమాకు ఏటా రెన్యువల్ తేదీ ఉంటుంది. ఏజెంటు నాలుగుసార్లు ఫోన్ చేసి గుర్తుచేస్తాడు. మన ఉద్యోగుల ఆరోగ్య పథకానికి, అదే మనం ఈహెచ్‌ఎస్ అనేదానికి, అలా గుర్తుచేసేవాళ్లు లేరు. చందా పింఛనులోంచి నెలనెలా కోత పడుతుంది, కార్డు బీరువాలో ఉంటుంది. అంతా సరిగ్గానే ఉందనుకుంటాం. ఇంట్లో మాత్రం ఏడాదిలో ఎన్నో మారిపోతాయి.

అందుకే ఆ తేదీ మనమే పెట్టుకుందాం. ఎలాగూ ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. రాష్ట్ర పెన్షనర్లకు అది జనవరి 1 నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా. మీ పక్కింటి రైల్వే పెన్షనర్ నవంబరులో ఇస్తారు, అది కేంద్ర ప్రభుత్వ పద్ధతి. ఆయనతోపాటు మీరూ నవంబరులోనే ఇచ్చేసి, పనైపోయిందనుకోకండి. సర్టిఫికెట్ అందకపోతే పింఛను ఆగుతుంది. ఈహెచ్‌ఎస్ చందా కోత పడేది ఆ పింఛనులోంచే. ఈ రెండింటికీ ఉన్న లింకు అది.

ఆ రోజు చూసుకోవాల్సినవి ఇవి:

1. కార్డు ఎవరి పేరు మీద ఉంది? ఈ ఏడాది రిటైరైనవాళ్లు ఉద్యోగి కార్డుతో సరిపెట్టుకోకుండా, పీపీవో నంబరుతో పెన్షనర్ కార్డుకు దరఖాస్తు చేయాలి. భర్తో, భార్యో పోయి ఫ్యామిలీ పెన్షన్ మొదలైనవాళ్లు తమ పేరు మీద కొత్త కార్డు తీసుకోవాలి. వివరాలకు మీ సబ్ ట్రెజరీలో అడగండి.

2. కార్డులో ఎవరెవరున్నారు? ఉద్యోగం లేని కొడుకుకు 25 ఏళ్లు నిండేవరకే వర్తిస్తుంది. మీ మీదే ఆధారపడ్డ కూతురు పెళ్లికానిదైనా, భర్త పోయినా, విడాకులైనా అర్హురాలే. పుట్టింటికి తిరిగొచ్చిన అమ్మాయి పేరు చేర్చడానికి మొహమాటపడకండి. ఉద్యోగం చేయలేనంత వైకల్యమున్న పిల్లలకూ ఈ పథకం వర్తిస్తుంది.

3. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ, కార్డులో ఉన్నవి ఒక్కలా ఉన్నాయా? ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటే ఇప్పుడే సరిచేయించండి.

4. ఫోన్ నంబరు ఎవరిది? ఓటీపీ బెంగళూరులో ఉన్న అబ్బాయి ఫోన్‌కో, ఎప్పుడో రీఛార్జ్ ఆపేసిన నంబరుకో వెళ్తుంటే అవసరానికి పనికిరాదు. మీ దగ్గరుండే ఫోన్ నంబరే ఇవ్వండి.

లైఫ్ సర్టిఫికెట్ కోసం ఆఫీసు మెట్లెక్కలేనివాళ్లకు జీవన్ ప్రమాణ్ ఉంది. వేలిముద్రలు అరిగిపోయినా ఇబ్బంది లేదు, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ముఖం చూపించి పూర్తిచేయొచ్చు. ఆధార్, పీపీవో నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు దగ్గర పెట్టుకోండి. మంచం మీదున్నవాళ్ల ఇంటికి, పోస్టాఫీసులో అడిగితే, పోస్ట్‌మ్యాన్ వస్తారు. దానికి 70 రూపాయలు తీసుకుంటారు. పూర్తయ్యాక వచ్చే ప్రమాణ్ ఐడీని పీపీవో పుస్తకం మీదే రాసిపెట్టుకోండి.

ఒక జాగ్రత్త. "మీ పింఛను ఆగిపోతోంది, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే మాట్లాడకుండా పెట్టేయండి. సర్టిఫికెట్ మీరు చేసుకుంటున్నప్పుడు వచ్చే ఓటీపీని మీరే నొక్కాలి. ఫోన్‌లో అడిగినవాళ్లకు చెప్పేది కాదు. ఆరోగ్య పథకం గురించి సందేహముంటే 104కు ఫోన్ చేయండి. నెట్‌వర్క్ ఆసుపత్రిలోనైతే వైద్యమిత్ర ఉంటారు, ముందు వాళ్లని కలవండి.

చివరిగా ఒక మాట. ఇవాళ ఇంటికెళ్లి ఆ కార్డు బయటికి తీయండి. అదెక్కడుందో, పీపీవో ఎక్కడుందో మీ ఇంటావిడకు, లేదా మీవారికి చూపించండి. మా పెద్దనాన్న కాగితాలన్నీ పద్ధతిగానే పెట్టారు. ఏది ఎందుకో పెద్దమ్మకు చెప్పలేదు, అంతే.

పెద్దమ్మకు ఇప్పుడు తన పేరు మీదే కార్డు ఉంది. కర్ర పట్టుకుని నడుస్తోంది. జనవరి రాగానే "ఒరే, నా సర్టిఫికెట్ సంగతేంటి?" అని ముందు ఆవిడే ఫోన్ చేస్తుంది.

సెలవు.