బయలుదేరిన చోటికి తిరిగొస్తుందా?

అమరావతిలో క్వాంటమ్ కంప్యూటర్ నెలకొల్పుతామని 2025లో ఐబీఎం, టీసీఎస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించాయి.

దాని లెక్కలు చేసేవి గేట్లు. గేటంటే క్యూబిట్ మీద, అంటే ఆ కంప్యూటర్ సమాచారపు అతి చిన్న ముక్క మీద, చేసే చిన్న పని. అది ఎంత కచ్చితమో ఎలా తెలుస్తుంది? ఒక్క గేటులో తప్పు చాలా చిన్నది. విడిగా పట్టుకోవడం కష్టం. అందుకే చీటీలు తీసినట్టు, ఏ గేటు వస్తే ఆ గేటు, ఒకదాని వెంట ఒకటి వేస్తారు. చివర అన్నిటినీ వెనక్కి తిప్పే గేటు వేస్తారు.

కొండదారిలో ఎన్ని మలుపులు తిరిగినా సాయంత్రానికి ఇల్లు చేరాలి కదా! క్యూబిట్ కూడా మొదటి స్థితికి రావాలి. వచ్చిందా, లేదా? మళ్లీ మళ్లీ చూస్తారు. గేట్లు పెంచేకొద్దీ దారి తప్పడం ఎంత త్వరగా పెరిగితే, గేటులో తప్పు అంత ఎక్కువ.

గుర్తుంచుకోండి. క్యూబిట్లు ఎన్ని అన్నదొక్కటే చాలదు. బయలుదేరిన చోటికి ఎంత నమ్మకంగా తిరిగొస్తాయో కూడా అడగాలి.